సీలు వేసిన సంసారం

తాళ్ళకోడు లాకుల కాలనీలో ఇల్లు మారడమంటే ఒకప్పుడు ఒక్క పూట పని. పొద్దున్నే లారీ వచ్చేది. ఇరుగుపొరుగువాళ్ళు నలుగురు తలో చెయ్యీ వేసేవాళ్ళు. మధ్యాహ్నానికి సామానంతా ఎక్కేది. పాత చీపురు కొత్తింటికి తీసుకెళ్ళకూడదు కనక అదొక్కటీ గుమ్మం పక్కన మిగిలేది. ఇంత సులువుగా జరిగిపోతున్న పనిని ప్రభుత్వం మాత్రం ఎన్నాళ్ళని చూస్తూ ఊరుకుంటుంది?

కిందటేడు ఒక ఇంజనీరుగారు బదిలీ మీద వెళ్తూ వెళ్తూ కాలవకి నీళ్ళొదిలే పెద్దలాకు తాళంచెవిని బియ్యం డబ్బాలో పెట్టేసుకుని పట్టుకుపోయారు. ఇక్కడ రెండో పంట దాళవా చేలు నెర్రెలిచ్చాయి, తాళంచెవి రెండు జిల్లాల అవతల బియ్యంలో హాయిగా పడుకుంది. రైతులు ఆఫీసు ముందు బైఠాయిస్తే విచారణ సంఘం వేశారు. ఆ సంఘం నాలుగు నెలలు కాలవగట్లన్నీ తిరిగి, తప్పు ఇంజనీరుగారిది కాదనీ, అంత పెద్ద లాకుకి ఒక్కటే తాళంచెవి ఉండటమూ తప్పు కాదనీ, ‘గృహోపకరణములు సర్దుటలో ముందస్తు ప్రణాళిక కొరవడుటయే’ అనర్థానికంతటికీ మూలమనీ తేల్చింది. ఇంకో తాళంచెవి చేయించండి అని ఒక్కరూ రాయలేదు. దానికి బదులు కొత్త విభాగం ఒకటి పెట్టమని రాశారు.

అలా పుట్టింది ‘గృహోపకరణ తరలింపు ముందస్తు ప్రణాళికా విభాగం’. ఆ పేరు ఒక్క ఊపిరిలో చెప్పలేక కాలనీవాళ్ళు సర్దుడాఫీసు అనేవారు. దానికి ప్రత్యేకాధికారిగా ముక్తేవి పద్మనాభరావుగారు వచ్చారు. అయిదు రోజులు ఏదో కొండమీద ఊళ్ళో ముందుచూపు మీద శిక్షణ పొంది, నోటుబుక్కు నిండా రాసుకుని దిగారాయన. శిక్షణకి వెళ్ళేటప్పుడు స్వెట్టరు మర్చిపోయి జలుబు తెచ్చుకున్నారని గిట్టనివాళ్ళు అంటారు. ఆ సంగతి మనకెందుకు?

ఈ కాలనీలో ముప్ఫై రెండో నంబరు క్వార్టరులో కుడుపూడి సత్తిరాజు, అతని భార్య భాగ్యవతి ఉంటున్నారు. సత్తిరాజు కాలవల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోని మనిషి. మెమో అన్న మాట వింటేనే అతనికి అరికాళ్ళు చల్లబడతాయి. నోటు రాయడంలో మాత్రం అతని తర్వాతే ఎవరైనా. ఎటూ తేలని ఫైలుని అతని చేతిలో పెడితే నాలుగు పంక్తుల్లో ఒడ్డుకి చేర్చేవాడు.

భాగ్యవతి బీఈడీ చదివింది. టీచరు పరీక్ష రాసింది, ర్యాంకు వచ్చింది, లిస్టులో పేరూ వచ్చింది. ఆ లిస్టు మీద ఎవరో కోర్టుకి వెళ్ళారు. అంతే, ఆరేళ్ళు. పేపర్లో టీచర్ల వార్త కనిపించిన రోజల్లా ఆవిడ కాఫీ చల్లారిపోయేది. ఆ ఆశ ఎంత పిచ్చిదో ఆవిడకే తెలుసు. అయినా వదల్లేదు.

మార్చి నెల మొదటి వారంలో మొదటి సర్క్యులర్ వచ్చింది. ‘క్వార్టర్లలో నివసించు ఉద్యోగులెల్లరూ బదిలీకి తొంభై దినములు ముందుగానే సామాను సర్దుకొనవలెను’ అని. కమ్యూనిటీ హాల్లో అవగాహన సదస్సు పెట్టారు. వెనక వరసలోంచి ఎవరో లేచి, “బదిలీ ఆర్డరు వారం ముందు కదండీ వచ్చేది. తొంభై రోజుల ముందు మాకెలా తెలుస్తుందండీ?” అని అడిగారు.

పద్మనాభరావుగారు జాలిగా నవ్వారు. “తెలియదు. తెలియదు గనుకనే ప్రతి దినమూ ఆ తొంభయ్యవ దినమే అని భావించవలెను. ఇదియే ముందుచూపు.”

హాలంతా చప్పట్లు కొట్టింది. ఏం అర్థమైందని కొట్టారో ఎవరికీ తెలియదు గానీ, చప్పట్లు కొట్టినవాళ్ళకే టిఫిను కూపన్లు ఇచ్చారు.

ఆ సదస్సులోనే ‘అత్యల్ప వినియోగ సూత్రం’ ప్రకటించారు. ఇంట్లో అన్నిటికన్నా తక్కువ వాడే వస్తువుల్ని ముందు పెట్టెలో సర్దాలి. పై శనివారం, మిగిలినవాటిలో తక్కువ వాడేవాటిని సర్దాలి. ఆ పై శనివారం, ఇంకా మిగిలినవాటిలో. వినడానికి ఎంత బాగుంది! ఎక్కడ ఆగాలో మాత్రం సూత్రంలో లేదు.

మొదటి శనివారం పద్మనాభరావుగారు స్వయంగా ముప్ఫై రెండో నంబరుకి వచ్చారు. వెనక అటెండరు లోవరాజు లక్కముక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర పట్టుకుని నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. నిన్నటిదాకా లాకు గేట్లకి గ్రీజు రాసేవాడు, ఇప్పుడు సీలు ఇన్‌ఛార్జి.

“శ్రీమతిగారూ, తమ గృహమున అత్యల్ప వినియోగము గల వస్తువులేవి?”

భాగ్యవతి ఆలోచించి, మిక్సీ వచ్చాక నాగులచవితికి తప్ప మూలనే పడుండే రుబ్బురోలు, దాని పొత్రం, పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి గంగాళం చూపించింది. ముగ్గురు కలిసి వాటిని చెక్కపెట్టెలోకి దించారు. పద్మనాభరావుగారి చూపు బీరువా మీదున్న నీలం ఫైలు మీద పడింది.

“అదేమిటి?”

“నా సర్టిఫికెట్లండి.”

“గడచిన ఆరు సంవత్సరములలో ఎన్నిమార్లు వినియోగించితిరి?”

భాగ్యవతి లిస్టనీ, కోర్టనీ, వాయిదా అనీ చెప్పాలనుకుంది. ఎన్నిసార్లు అంటే మాత్రం లెక్క సున్నాయే మరి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“రుబ్బురోలైనా నాగులచవితికి చిమ్మిలి దంచడానికి ఒకసారి వాడితిమని తమరే సెలవిచ్చితిరి. కావున ఫైలు దానికంటెను అత్యల్పము.”

రోలు మీద ఫైలు, ఫైలు మీద పొత్రం, పొత్రం మీద గంగాళం. మూత దిగ్గొట్టాక లోవరాజు లక్క కరిగించి ముద్ర కొట్టాడు. “నాదేం లేదమ్మగారూ, ఎయ్యమన్నారు, ఏత్తన్నాను” అన్నాడు తలెత్తకుండానే. పెట్టె మీద ఒకటో నంబరు వేశారు.

తర్వాత శనివారాలు ఎలా గడిచాయంటే, సూత్రం ప్రకారమే గడిచాయి. రెండో వారం పట్టుచీరలు, దుప్పట్లు. మూడో వారం గోడ మీది ఫొటోలు, ఎందుకంటే వాటిని ఎవరూ వాడరు, చూస్తారంతే. నాలుగో వారం కుర్చీలు, వచ్చేవాళ్ళు తగ్గారు కనక. ఆరో వారం మంచం. పగలల్లా ఖాళీగానే ఉంటుంది కదా అన్నారు. సత్తిరాజుకి రెండు పంట్లాలు మిగిలితే, ఒంటిమీద ఉన్నది వాడుతున్నట్టు, తీగమీద ఆరుతున్నది వాడనట్టు అని తేల్చి ఆరేదాన్ని తడితడిగానే పెట్టెలో పెట్టారు.

కాలనీలో మిగతావాళ్ళు తెలివైనవాళ్ళు. తనిఖీకి ముందే మంచాలు పక్కవీధికి పంపేసి, విరిగిన బకెట్లు, చినిగిన గొడుగులు పెట్టెల్లో వేయించి సీలు కొట్టించుకునేవారు. సత్తిరాజుకి ఆ ధైర్యం లేదు. సర్క్యులర్ అంటే సర్క్యులరే.

పదో వారానికి ఇంట్లో ఒక గిన్నె, ఒక గరిటె, స్టవ్వు, రెండు కంచాలు, ఒక చాప మిగిలాయి. పద్మనాభరావుగారు రెండు కంచాలనీ అటూ ఇటూ తిప్పి చూశారు.

“వీటిలో తక్కువ వాడుకయున్న కంచమేది?”

“రెండూ ఒకటే అండి. ఇద్దరం మూడు పూటలా తింటాం” అన్నాడు సత్తిరాజు.

“శనివారములు?”

శనివారాలు భాగ్యవతి ఒంటిపొద్దు ఉంటుంది. దేవుడికి దణ్ణం పెట్టుకున్న పుణ్యానికి ఆవిడ కంచం పెట్టెలోకి పోయింది. ఆ రోజు నుంచి ఆవిడ అడ్డాకులో తింటోంది.

ఆ వారమే గేటుకి తగిలించమని బోర్డు పంపారు. ‘ఆదర్శ సంసిద్ధ గృహము – జిల్లాలో ప్రథమము’. పద్దెనిమిది పెట్టెలు హాల్లో వరసగా, నంబర్లు బయటికి కనపడేలా, ఒకటో నంబరు అన్నిటికన్నా అడుగున. సత్తిరాజు బోర్డుని రెండుసార్లు గుడ్డతో తుడిచాడు. సంతోషం దాచుకోవడం చేతకాని మనిషి, పాపం.

“ఇంట్లో కూర్చోడానికి పీట లేదు గానీ గేటుకి బోర్డొకటి” అంది భాగ్యవతి.

జూన్ నాలుగో తారీఖు పొద్దున రిజిస్టరు పోస్టు వచ్చింది. కోర్టు కేసు తేలింది. శ్రీమతి కుడుపూడి భాగ్యవతి గొల్లమెరక ఉన్నత పాఠశాలలో తెలుగు టీచరుగా చేరవలెను. పన్నెండో తారీఖు సాయంత్రం అయిదు గంటల్లోపు, ఒరిజినల్ సర్టిఫికెట్లతో. రాకపోతే ఉద్యోగం లిస్టులో తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది.

భాగ్యవతి ఆ కాగితాన్ని నిలబడే మూడుసార్లు చదివింది. తర్వాత ఒకటో నంబరు పెట్టె వైపు చూసింది. దాని మీద ఆరు, పన్నెండు, పధ్నాలుగు నంబర్లు కూర్చుని ఉన్నాయి.

సత్తిరాజు ఆ రోజే భార్య ఉద్యోగం కారణం చూపించి గొల్లమెరక సబ్‌డివిజనుకి బదిలీ పెట్టుకున్నాడు. నాలుగు రోజుల్లో ఆర్డరొచ్చింది! ఇన్నేళ్ళలో ఏ కాగితమూ అంత చురుగ్గా కదలడం అతను చూడలేదు. కాలనీవాళ్ళంతా, “మీకేమండీ, సామానంతా సర్దేసి ఉంది, లారీ పిలిచి ఎక్కించుకోవడమే” అన్నారు. సత్తిరాజుకి మొదటిసారి సర్దుడాఫీసు మీద గౌరవం కలిగింది. ఎంత ముందుచూపు! పద్మనాభరావుగారికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనుకుంటూ వెళ్ళాడు.

“ఏమిటీ, ఇల్లు మారెదవా?” పద్మనాభరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. “నీవు మారిపోయినచో సంసిద్ధత ఎక్కడుండునయ్యా?”

“సంసిద్ధత అంటే మారడానికే కదండీ?”

“అదే పొరపాటు. సంసిద్ధత వేరు, తరలింపు వేరు. మా విభాగము పేరులో తరలింపు అను మాట ఉన్నమాట వాస్తవమే గాని, మా పరిధి ముందస్తు వరకే. పైగా నీది నమూనా గృహము. పన్నెండవ తేదీన రాజధాని నుండి మన శాఖ పెద్దాయన స్వయముగా వచ్చి చూచుచున్నారు. అందులోని పెట్టెలిప్పుడు ప్రభుత్వ ప్రదర్శన వస్తువులు. అవి కదలరాదు, వాటి యజమానినీ రిలీవు చేయరాదు.”

“పోనీ, ఒక్క ఒకటో నంబరు పెట్టె తెరిపించండి సార్. మా ఆవిడ సర్టిఫికెట్లు అందులోనే ఉన్నాయండి. ఉద్యోగం పోతుందండి.”

పద్మనాభరావుగారు ఏమంత కఠినుడు కాదు. సొరుగులోంచి ఫారం తీసిచ్చారు. ‘సీలు సడలింపు అభ్యర్థన పత్రము’. పేరు, హోదా, పెట్టె నంబరు, తెరవవలసిన కారణము. చివరి గడిలో ఇలా ఉంది: ‘కోరిన వస్తువు సదరు పెట్టెలో గలదనుటకు రుజువుగా, ఆ వస్తువు యొక్క జెరాక్సు ప్రతిని జతపరచవలెను.’

“ఆ వస్తువు పెట్టెలో ఉంటే జెరాక్సు ఎలా తీస్తామండీ?”

“చూచితివా? మొదటనే జెరాక్సు తీసి ఉంచుకొనవలసినది. ముందుచూపు లేదు” అని నిట్టూర్చారు పద్మనాభరావుగారు.

సత్తిరాజు ఇంటికొచ్చి ఆ ఫారం భార్య చేతికిచ్చాడు. ఆవిడ చదివింది, నాలుగు ముక్కలుగా చింపింది, లేచి కొంగు బిగించింది.

“సుత్తి ఎక్కడుంది?”

“ఏడో నంబరులో.”

“కత్తిపీట?”

“పదకొండులో.”

“పొత్రం?”

“అది ఒకటిలోనే కదే.”

“సరే, నా పళ్ళున్నాయిగా!” అంటూ పెట్టెల మీద పడింది. సత్తిరాజు అడ్డం వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“భాగ్యం, నా మాట విను. సీలు తీస్తే ప్రభుత్వ ప్రదర్శన వస్తువుని ధ్వంసం చేసినట్టట. సస్పెండు చేసేస్తారు.”

“చెయ్యనివ్వండి! ఆరేళ్ళండీ. ఆరేళ్ళు ఆ ఫైలుకి పసుపు రాసి దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పుడు పిలుపొస్తే చేతులు కట్టుకుని కూర్చోమంటారా? అయిదు దాటితే నేను కూడా మీ పెట్టెల్లో సామానే. ఆ పైన ఇంకో నంబరు రాసి నన్ను కూడా అందులో పెట్టెయ్యండి.”

మెమో భయం కన్నా పెద్ద భయం ఒకటుంటుందని సత్తిరాజుకి ఆ క్షణానే తెలిసింది. భార్య తనని మనిషి కింద లెక్కెయ్యడం మానేస్తుందేమోనన్న భయం.

“పన్నెండో తారీఖు పొద్దున్న ఎనిమిది దాకా ఆగు. ఆలోగా దారి దొరక్కపోతే నీ పళ్ళు ఎందుకు, నేనే పగలగొడతాను” అన్నాడు.

“ఒట్టా?”

“ఒట్టు.”

ఆ నాలుగు రోజులూ అతను కనపడిన అధికారినల్లా కలిశాడు. ఒకరు సానుభూతి తెలిపారు. ఒకరు పై అధికారికి రాయమన్నారు. ఆ పై అధికారి ఎవరని అడిగితే ప్రత్యేకాధికారి పద్మనాభరావుగారే అన్నారు.

పన్నెండో తారీఖు పొద్దున్న ఏడింటికే ముప్ఫై రెండో నంబరు ముందు శామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, అరటిపిలకలు. పద్మనాభరావుగారు కొత్త సఫారీలో వచ్చారు. అచ్చువేసిన కార్యక్రమ పత్రంలో మూడో అంశం ఇది: ‘పెద్దాయనగారు ఒకటవ నంబరు పెట్టెను స్వహస్తములతో ఎత్తి, తరలింపును లాంఛనముగా ప్రదర్శించుదురు. పత్రికా ఛాయాచిత్రము.’

పైనున్న పెట్టెలు దింపించి ఒకటో నంబరుని ముందుకి లాగించారు. లాగడానికే నలుగురు పట్టారు.

“ఒక్కసారి రిహార్సలు చూచెదము” అని పద్మనాభరావుగారు వంగి పెట్టెని రెండు చేతులా పట్టుకుని ఎత్తారు. పెట్టె లేవలేదు. ఆయన నడుములో ఏదో కలుక్కుమంది. “అమ్మో” అన్నారు స్వచ్ఛమైన తెలుగులో. ఆయన నోట గ్రాంథికం రాకపోవడం కాలనీలో ఎవరైనా వినడం అదే మొదలు.

“రోలుందండి సార్ అందులో” అన్నాడు లోవరాజు.

“ఇది ఎత్తలేక పెద్దాయన ఫొటోలో పడిపోతే నా గతేమిటి? పెట్టె మార్చుటకు వీల్లేదు, పత్రము అచ్చయినది. ఖాళీ చేయించు!”

“సీలు తియ్యమంటారేంటండీ?”

“తీయుట కాదు. పునఃసీలింగు. లోపలిది తీసివేసి మరల ముద్ర వేయుము.”

“ఒకటో నంబరొక్కటేనా అండి?”

పద్మనాభరావుగారు నడుం పట్టుకుని ఆలోచించారు. “పెద్దవారి చేయి ఎటు పోవునో ఎవరు చెప్పగలరు? రెండవదెత్తినచో? పద్దెనిమిదీ ఖాళీ చేయుము.”

భాగ్యవతి వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. లోవరాజు సీలు పగలగొట్టాడు. ఎంత హాయిగా పగిలిందో! గంగాళం బయటికొచ్చింది. పొత్రం వచ్చింది. దాని కింద నీలం ఫైలు అప్పడంలా నొక్కుకుపోయి కనపడింది. భాగ్యవతి ఎవరినీ అడగలేదు. వచ్చి ఫైలు తీసుకుని గుండెలకి హత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు కూడా, అందరూ పద్మనాభరావుగారి నడుముకి అమృతాంజనం వెతుకుతున్నారు.

ఎనిమిదింటికి పద్దెనిమిది పెట్టెలూ ఖాళీ అయ్యాయి, మళ్ళీ సీలు పడ్డాయి, ఒకటో నంబరుని ముందు ఉంచి మిగతావి యథాప్రకారం పేర్చారు. పెరట్లో మాత్రం సామాను కొండలా పడి ఉంది. పద్మనాభరావుగారు చూసి కంగారుపడ్డారు.

“ఈ చెత్త ఎక్కడిది?”

“పెట్టెల్లోదేనండి.”

“పెట్టెలలోనిది పెట్టెలలో ఉండవలెను గదా!”

“తమరే తియ్యమన్నారు కదండీ.”

“తొమ్మిదింటికి కాన్వాయి వచ్చును. ఇది కనపడినచో నా కొంప మునుగును. ఎక్కడికైనా పంపివేయండి, ఈ కాలనీలో మాత్రము ఉండరాదు!”

ఇదిగో, ఇక్కడే సత్తిరాజు పద్దెనిమిదేళ్ళ సర్వీసు పనికొచ్చింది. జేబులోంచి కాగితం తీశాడు, అక్కడికక్కడే రాశాడు:

‘నమూనా గృహ పవిత్రత దృష్ట్యా, ఇచ్చట పొరపాటున మిగిలియున్న అదనపు సామానును, దానికి అనుబంధముగానున్న ఇరువురు వ్యక్తులతో సహా, తక్షణమే కాలనీ సరిహద్దు దాటించవలసియున్నది. పై పని నిమిత్తము సీనియర్ అసిస్టెంటు శ్రీ కె.సత్తిరాజును ఈ ఉదయమే విధుల నుండి రిలీవు చేయడమైనది. ప్రదర్శన పెట్టెలు పద్దెనిమిదియు యథాస్థానమున భద్రముగా ఉన్నవి.’

పద్మనాభరావుగారికి వంగే ఓపిక లేదు. లోవరాజు వీపు మీద కాగితం పెట్టుకుని నిలబడే సంతకం చేసేశారు. చివరి వాక్యం మాత్రమే చదివారు. అది ఆయనకి బాగా నచ్చింది.

శామియానా సామాను తెచ్చి దించేసిన టెంటుహౌసు వ్యాను ఖాళీగా తిరిగి వెళ్ళబోతోంది. సత్తిరాజు దానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ తర్వాత జరిగిందాన్ని సర్దడం అనరు. అందినది అందినట్టు విసరడమే. గుండిగలో చెప్పులు, దిండుగలీబులో కంచాలు, రోలు చుట్టూ పట్టుచీరలు, ఫొటోల మీద చాప. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి తలో చెయ్యీ వేశారు. లోవరాజు మంచం ఒక్కడే భుజానెత్తుకుని తెచ్చాడు. “మూడు నెల్లనించీ సీలెయ్యడవే గానండీ, ఒకటన్నా కదిపింది లేదండి. ఇయ్యాల సేతులకి పనొచ్చిందండి” అన్నాడు మొహమంతా నవ్వుతో.

కాన్వాయి ఒక గేటులోంచి లోపలికొస్తుంటే, వ్యాను ఇంకో గేటులోంచి బయటికి వెళ్ళింది.

గొల్లమెరక తొంభై కిలోమీటర్లు. రెండు రైలు గేట్లు, ఒక పంక్చరు, నాలుగు గంటలు మొరాయించిన ఇంజను, ఒక గేదెల మంద. దారిపొడుగునా భాగ్యవతి ఫైలు ఒళ్ళోంచి కింద పెట్టలేదు. గంట గంటకీ సత్తిరాజు టైము చూసుకోవడం, ఆవిడ వద్దనడం. బడి గేటు ముందు వ్యాను ఆగేసరికి నాలుగున్నర. ఆవిడ దూకి పరుగెత్తింది. అతను ఎప్పుడూ ఆవిడ పరుగెత్తగా చూడలేదు.

హెడ్మాస్టరు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క సర్టిఫికెట్టూ తిప్పి చూశాడు.

“ఏవమ్మా, డిగ్రీ మీద ఈ గుండ్రటి నొక్కేంటి?”

“పొత్రం అండి.”

ఆయన ఇంకో ప్రశ్న వెయ్యలేదు. పాత మాస్టారు కదా, చాలా చూసి ఉంటాడు. రిజిస్టరు ముందుకి జరిపాడు. నాలుగు గంటల నలభై నిమిషాలకి భాగ్యవతి సంతకం పెట్టింది. కిటికీ బయట నిలబడి చూస్తున్న సత్తిరాజు చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు. వ్యాను డ్రైవరు ఏమైందో తెలియక మంచినీళ్ళ సీసా అందించాడు.

ఆ సాయంత్రమే అక్కడి చిన్న కాలనీలో ఖాళీగా ఉన్న క్వార్టరులో దిగారు. సామానులో పైకి తేలింది గంగాళమే కనక అందులోనే పాలు పొంగించబోయారు. అంత గంగాళంలో అరలీటరు పాలు ఎప్పటికి పొంగుతాయి? పక్కింటావిడ చూసి చూసి, “పొంగినట్టే అనుకోండమ్మా, గ్యాసు అయిపోద్ది” అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

మర్నాడు లోవరాజు ఫోను చేసి తాళ్ళకోడు కబుర్లు చెప్పాడు. పెద్దాయన ఒకటో నంబరు పెట్టెని ఒంటిచేత్తో ఎత్తారట. ఎత్తి ఆశ్చర్యపోయారట. “ముందుగా ప్రణాళిక వేసుకుంటే సంసారం ఇంత తేలికవుతుందన్నమాట!” అని ఉపన్యాసం ఇచ్చారట.

“ఈ ఇంటోళ్ళేరీ అని ఓ పేపరాయనడిగాడండి. ‘వారి సంసిద్ధత ఎంతటిదనగా, వారు కనపడరు’ అన్నారండి మన సార్. అందరూ సప్పట్లండి బాబూ. ఇప్పుడు రోజుకి రెండు బస్సులొత్తన్నాయండి, మీ ఇల్లు సూడ్డానికి.”

పద్మనాభరావుగారికి ప్రమోషను వచ్చింది. ఇంకేముంది, విభాగం జిల్లా అంతటా విస్తరించింది. ఆగస్టులో గొల్లమెరక ఆఫీసుకి కూడా సర్క్యులర్ దిగింది. దాన్లో కొత్త నిబంధన ఒకటుంది. తాళ్ళకోడు నమూనా పెట్టెని తూకం వేయించారట. ఇకమీదట ఏ ఉద్యోగి ఇంట్లోనూ సర్దిన పెట్టె బరువు దానికి మించరాదు. మూడు కిలోల రెండు వందల గ్రాములు. చెక్కా, మేకులతో సహా.

గొల్లమెరక కాలనీలో ఇరవై రెండు ఇళ్ళు. ఆడవాళ్ళు అప్పుడే బిక్కుబిక్కుమంటూ మంచాల వైపు, కంచాల వైపు చూసుకుంటున్నారు. ఫైలు సత్తిరాజు బల్ల మీదికి వచ్చింది. అతను దాన్ని రెండుసార్లు చదివి, ఊళ్ళో కిరాణా కొట్లన్నీ తిరిగి సబ్బుల డబ్బాలు, బిస్కట్ల అట్టపెట్టెలు పోగేయించాడు. ఇంటికి పద్దెనిమిది చొప్పున ఖాళీవే మూసి, ముద్ర కొట్టించి, వసారాల్లో పేర్పించాడు. లోపల జనం యథాప్రకారం పప్పు తాలింపు వేసుకుంటూ, మంచాల మీద పడుకుంటూ కాపురాలు చేసుకుంటున్నారు. ‘సర్క్యులర్‌లో నిర్దేశించిన బరువుకు లోబడి పెట్టెలన్నియు సిద్ధముగా ఉన్నవి’ అని నోటు పంపాడు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. పైనుంచి అభినందన వచ్చింది.

ఒక్క ఇంట్లో మాత్రం పెట్టెలు లేవు. “ఖాళీది కూడా నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు” అంది భాగ్యవతి. ఆవిడ ఇంట్లో అన్నీ బయటే ఉన్నాయి, చేతికందేలా. రోలు వాకిట్లో, కంచాలు రెండూ అలమరలో, ఫొటోలు గోడ మీద, నీలం ఫైలు బల్ల మీద.

అందుకని ఒకరోజు సత్తిరాజుకి మెమో వచ్చింది. కాలనీలో అసంసిద్ధ గృహము మీదొక్కటే, మీపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను, అని. అతని జీవితంలో అది మొదటి మెమో. ఇంటికి తెచ్చి భార్యకి చదివి వినిపించాడు. ఆవిడ పిల్లల కాంపోజిషను పుస్తకాలు దిద్దుతోంది. దిద్దడం ఆపి అతని మొహంలోకి చూసింది.

“భయంగా ఉందా?”

సత్తిరాజు అరికాళ్ళు నేలకి ఆనించి చూసుకున్నాడు. వెచ్చగానే ఉన్నాయి. అతనికే నమ్మకం కలగలేదు.

“జవాబేం రాస్తారు మరి?”

“ఏమో! ఆకలేస్తోంది, ముందు అన్నం పెట్టు. మెమో సంగతి రేపు చూద్దాంలే” అన్నాడు సత్తిరాజు.